అందరి నెత్తికీ ఒకటే హెల్మెట్టు

అక్కా,

నేను కులాసా, కోపం ఒక్కటే ఇంకా తగ్గలేదు. నాన్న తన స్నేహితుడికి చెప్పి కార్ఖానాలో ఇప్పించిన ఫీల్డు శిక్షణ గేటు దగ్గరే ముగిసింది. ఆ స్నేహితుడు, అదే మేనేజరుగారు, విద్యార్థులందరినీ వరసగా నిలబెట్టి, ఉన్న ఒక్క హెల్మెట్టునే ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తికి మారుస్తూ ఫోటోలు తీయించాడు. "ఇక ఇళ్లకు పోండి బాబూ. సెలవులయ్యాక సర్టిఫికెట్లు పట్టుకెళ్దురుగాని, కాలేజీలో క్రెడిట్లు అవే వస్తాయి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "లోపల చెమటోడ్చేవాళ్ల మొహమైనా చూడకుండా పని నేర్చుకున్నామని రాయించుకోవడం దొంగతనం కాదా?" అన్నాను. "మీ నాన్న మొహం చూసి ఊరుకుంటున్నా" అన్నాడు. హెల్మెట్టు ఆయన చేతిలోనే పెట్టి వచ్చేశాను.

ఎదురు వీధిలో పంపులు బాగుచేసే షెడ్డు ఉంది. వెళ్లి అడిగితే అక్కడి మేస్త్రీ, "పనిచేస్తే నీ శిక్షణ కాగితం మీద సంతకం పెడతా. చెప్పులేసుకొస్తే మాత్రం గడప తొక్కనివ్వను" అన్నాడు. కాలేజీలో మా మేడమ్ కూడా సరేనన్నారు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మేనేజరు ఇంటికొచ్చి చాడీలు చెప్పేలోగా నాన్నకు నువ్వే చెప్పు. పరువు తీశానని కేకలేస్తాడు, వేయనీ. కేకలయ్యాక ఆయన పాత డ్యూటీ బూట్లు అడిగి పంపించు. నాకు వదులవుతాయి, ముందువైపు కాగితాలు కుక్కుకుంటాను. కార్మికుల హక్కులంటూ నేను పంచే కరపత్రాలు ఎందుకూ పనికిరావన్నాడుగా నాన్న, ఇందుకు పనికొస్తున్నాయని చెప్పు. చంటిదానికి ముద్దులు.

నీ తమ్ముడు