మొదటి ఆర్డర్‌కి నాన్న చెప్పిన జవాబు

మంగళవారం, ముసురు.

మా బెల్లం కొట్టు వెబ్‌సైట్‌కి ఇవాళ మొదటి ఆర్డర్ వచ్చింది, హైదరాబాద్ నుంచి ఒకావిడ పెట్టింది. నేను అన్నం తింటుండగా నాన్నే ఆవిడకి ఫోన్ చేసేశాడు.

"ఇప్పుడొద్దమ్మా. ఈ వానలకి బెల్లం నీరు కారిపోతాది. కొత్త బెల్లం వచ్చేక పంపుతాను."

"వచ్చిన బేరం పోగొడతన్నావేటి నాన్నా?" అని అరిచాను.

"ముద్దయిపోయిన బెల్లం అందితే తిట్టేది నీ వెబ్‌సైట్‌నే, పిచ్చిదానా!"

దసరాలోగా ఒక్క ఆర్డరైనా పంపలేకపోతే విశాఖలో వచ్చిన ఉద్యోగానికి పోతానని నాన్నతో పందెం కాసింది నేనే.

సాయంత్రం ఆవిడ మెసేజ్ పెట్టింది: "ఆగుతాను. మా చెల్లికీ కావాలట." 'ఇప్పుడే కొనండి' బటన్ తీసేసి, 'కొత్త బెల్లం వచ్చాక చెప్పండి' అని పెట్టాను. నలుగురు నొక్కారు. అందులో ఒకరు మా మావయ్యే.

కొత్త బెల్లం దిగేది దీపావళి దాటాకే. విశాఖవాళ్ళకి ఇంకా ఏ జవాబూ ఇవ్వలేదు...