కాటాకి ముందు కూర చేప

శ్రీవారికి,

సరోజ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, అత్తయ్య, ఏలూరులో అలేఖ్య, చెరువు మకాం దగ్గర కుక్కతో సహా అందరం ఒంట్లో బాగానే ఉన్నాం. మీరు కూడా అక్కడ వేళకింత తిని, ఆ ఉప్పుగాలికి దగ్గు తెచ్చుకోకుండా ఉన్నారని అనుకుంటున్నాను. మనసుల సంగతి తర్వాత రాస్తాను.

ఈ రోజుల్లో మొగుడికి ఉత్తరం రాసే ఆడది నిడమర్రు చుట్టుపక్కల నేనొక్కదాన్నే అయ్యుంటాను. పోస్టాఫీసులో అమ్మాయి నాకు కవరు ఇస్తూ వింతగా చూస్తోంది. ఏం చెయ్యమంటారు? సూరత్ అవతల అన్ని రొయ్యల చెరువులుండగా, మీకు మన చెరువులో వాటాదారు బుల్లిరాజు గారి అల్లుడితోనే గది కుదిరింది. నేను ఫోనులో తుమ్మితే చాలు, సాయంత్రానికి బుల్లిరాజు గారు గట్టు మీద నిలబడి నాకు జలుబు మందు చెబుతున్నారు. ఇంక షేర్ల సంగతి ఆ ఫోనులో ఏం మాట్లాడను?

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలికి తాడేపల్లిగూడెం డాక్టరు గారు బెల్టు ఇచ్చారు. కట్టుకోండి అంటే, "ఈ వయసులో నాకు వడ్డాణం ఎందుకే" అని దాన్ని మంచం కోడుకి తగిలించారు. అలేఖ్య పరీక్షలు బాగానే రాసిందట. మీరు పంపిన చెప్పులు దానికి బిగువు. అయినా నాన్న పంపినవి అని ఏలూరు హాస్టలంతా అవే వేసుకుని కుంటుతూ తిరుగుతోంది. చెరువులో శీలావతి చేప బాగుంది, కట్ల కాస్త వెనకబడింది. మేత ఆపలేదు.

ఇక మీరు కింద రెండు గీతలు గీసి మరీ అడిగిన ప్రశ్న, మన రత్నమేఖల షేర్లు అమ్ముడయ్యాయా లేదా అని. జవాబు ఉంది. కానీ జరిగింది జరిగినట్టు మొదటినుంచి రాస్తేనే మీకు అర్థమవుతుంది. మీకు అలవాటే గానీ, ముందే ఆఖరి పేజీకి వెళ్లిపోకండి.

రత్నమేఖల ఇంకా బంగారం తవ్వని కంపెనీ అన్న సంగతి మన చెరువు వాటాదారుల్లో ఎంతమందికి తెలుసో నాకు ఇప్పటికీ అనుమానమే. ఎక్కడో కొండల్లో బోర్లు వేసి, ఆ మట్టిని పరీక్షకి పంపించి, ఇదిగో అదిగో అనే చిన్న కంపెనీ. రేటు పడినప్పుడల్లా మనవాళ్లు ఇంకాస్త కొన్నారు. మేత ఆపితే చేప ఎదుగుద్దా అన్నది బుల్లిరాజు గారు. అవునవును అని తలూపింది మీరు. చెరువు లీజుకని దాచిందంతా అందులో పెట్టి, అది పెరిగేలోపు నాలుగు రాళ్లు సంపాదించుకొస్తానని మీరు సూరత్ రైలెక్కారు. వేసవిలో లీజు కడితే మీరు ఇంటికొస్తారు. కట్టలేకపోతే మన వాటా ఇంకొకరు తీసుకుంటారు, మీరు అక్కడే ఉండిపోతారు. నేను రాయబోయేది చదివేటప్పుడు, ఈ సంగతి సరోజ మర్చిపోయింది అని మాత్రం అనుకోకండి. ఒక్క క్షణం కూడా మర్చిపోలేదు.

మీరు వెళ్లాక కంపెనీకి రావాల్సిన అనుమతి రాలేదని పేపర్లో పడింది. తర్వాత లెక్కలు చూసే ఆడిటరు తప్పుకున్నాడు. ఆ రోజు మకాంలో తవుడు బస్తాల మీద కూర్చుని అందరూ ఒకటే వాదన. భూమిలో ఉన్న బంగారం పారిపోద్దా అని ఒకరు, అసలు ఉందని కళ్లతో చూసిందెవరని ఇంకొకరు. నేను టీ గ్లాసులు అందిస్తూ వింటున్నాను. చివరికి అమ్మేద్దాం అన్న మాట మీదకి వచ్చారు. అప్పుడు బుల్లిరాజు గారు మన చెరువు కట్టుబాటు తెచ్చి అక్కడ పెట్టారు.

"ఒక్కడే వల దించితే చేప బెదిరిపోద్దయ్యా. దిగితే అందరం ఒక్కరోజే దిగాలి. ఈలోపు ఎవరూ ఒంటరిగా అమ్మడానికి లేదు."

అందరికీ నచ్చింది. వాటాల చెరువులో పుట్టి పెరిగినవాళ్లం, ఇంతకంటే న్యాయం ఏముంటుంది? సోమవారం అని ముహూర్తం పెట్టుకున్నారు. మన షేర్ల ఖాతాలన్నీ తెరిచిన క్రాంతి కుమార్ ఉన్నాడుగా, గూడెంలో ఉల్లిపాయల కొట్టు పైన గదిలో, ఆ అబ్బాయి ఈ మాట విని గణపవరం బస్సెక్కి పరుగెత్తుకొచ్చాడు.

"ఇది చెరువు కాదండీ. అసలే కొనేవాళ్లు తక్కువున్న షేరు. అందరూ ఒక్కరోజే తెచ్చి గుమ్మరిస్తే తీసుకునేవాడెవడండీ? రోజుకి కొంచెం కొంచెం వదలండి."

రోజూ అమ్మితే రోజూ కమీషన్ వస్తుందని వాడి ఆశ అన్నారు మనవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను, అబద్ధమెందుకు. పాపం, ఆ అబ్బాయి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

సోమవారం అందరూ ఒక్కసారే ఫోన్లు నొక్కారు. ఒక రోజులో రేటు ఇంతకంటే దిగకూడదని ఒక గీత ఉంటుందట. మన రేటు గబుక్కున జారి ఆ గీత మీద కూర్చుంది. అమ్మేవాళ్ల వరస కొల్లేరంత, కొనేవాళ్ల దగ్గర సున్నా. మర్నాడు ఇంకో గీత కిందకి. ఆ మర్నాడు ఇంకోటి. సాయంత్రం అయ్యేసరికి ఆర్డర్లన్నీ రద్దయిపోతాయి, పొద్దున్నే మళ్లీ పెట్టాలి. అందరిదీ ఒకటే రేటు కాబట్టి ఎవరిది ముందు పడితే వాళ్లు వరసలో ముందు. దాంతో మన వాటాదారులంతా రోజూ పొద్దున్నే ఫోన్లు పట్టుకుని, పెళ్లి భోజనాల్లో మొదటి బంతికి కాచుకున్నట్టు కాచుకుంటున్నారు. బుల్లిరాజు గారి వేళ్లు ఆ ఫోను మీద సరిగ్గా పడవు. పిన్ను నొక్కేలోపు ఆయన వెనకబడిపోతారు, కంపెనీని తిడతారు.

మకాంలో వండిపెట్టే హన్నమ్మ గురించి మీరు ఈసారి ఒక్కమాటా అడగలేదు. మర్చిపోయి ఉండరు, అడగడానికి మొహం చెల్లలేదని నా అనుమానం. వాళ్లాయన మన చెరువు మీద కాపలా ఉంటూ చనిపోయినప్పుడు చేతికొచ్చిన డబ్బు ఆవిడకి ఉన్న ఒక్క ఆధారం. మకాంలో ఆవిడ వండిన పులుసు మూడోసారి వడ్డించుకుంటూ మీరేమన్నారో గుర్తుందా? "పెట్టు హన్నమ్మా, మా అందరికీ ఏమవుద్దో నీకూ అదే" అన్నారు. ఆవిడ ఆ డబ్బంతా పెట్టింది. ఆవిడకి ఫోనులో అక్షరాలు తెలియవు, పొద్దున్నే ఫోను తెచ్చి నాకిచ్చి గుమ్మంలో నిలబడేది. ఏమైందని అడగదు. నా మొహం చూసి మళ్లీ వంటకి వెళ్లిపోయేది. అడిగితే బాగుండేదండీ, తిట్టినా బాగుండేది.

పోయిన గురువారం పొద్దున్నే క్రాంతి ఫోను చేశాడు. ఎవరో కొంచెం కొంటారని తెలిసింది, ఇంకెవరికీ చెప్పలేదు, మార్కెట్ తెరవగానే పెట్టక్కా, ముందున్న ఒకరిద్దరికి దొరకొచ్చు అన్నాడు. నేను వంటగట్టు మీద రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకున్నాను. మనదొకటి, హన్నమ్మదొకటి. మీరు నేర్పినట్టే రెండింట్లోనూ అంకెలన్నీ ముందే నింపి ఉంచాను. ఒక్కొక్క నొక్కు మిగిలింది. మీరు రైలు దిగి సంచి పట్టుకుని నడిచొస్తున్నట్టు కళ్లముందు కనపడుతోంది. హన్నమ్మ గుమ్మంలో కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

చేపల పట్టుబడి రోజు మొదటి వల ఒడ్డుకి లాగగానే మీరేం చేస్తారు? కాటా ఎక్కించకముందే కాపలావాళ్లకీ వంటమనిషికీ కూర చేప తీసి పక్కన పెట్టిస్తారు. వాటాదారుల లెక్క ఆ తర్వాతే. రేటు నేలకి పడిన ఏడాది కూడా, మనకే నష్టం వచ్చిన ఏడాది కూడా మీరు కూర చేప తియ్యకుండా కాటా ఎక్కించగా నేను చూడలేదు. ఇదంతా ఆ నిమిషంలో ఆలోచించానని గొప్పలు పోను. తర్వాత ఏడుస్తూ కూర్చున్నప్పుడు గుర్తొచ్చింది. నా వేలు మాత్రం ముందు హన్నమ్మ ఫోను మీదకే వెళ్లింది. వెంటనే మనది కూడా నొక్కాను.

హన్నమ్మది అమ్ముడైంది. మనది కాలేదండీ. ఆ కొన్నవాళ్లెవరో ఆవిడ దగ్గరే ఆగిపోయారు.

ఇదే మీరడిగిన ప్రశ్నకి జవాబు. ఆ రోజు నుంచీ రేటు ఇంకా కిందకే జారుతోంది. ఇప్పుడు అమ్ముడైనా లీజుకి చాలదు. మీ రాక నా చేతులారా నేనే వెనక్కి నెట్టానేమో అని గుబులుగా ఉంది, అన్నం సయించడం లేదు. అత్తయ్య మాటిమాటికీ వాడు ఎండలు ముదిరేలోపు వస్తాడుగా అంటుంటే, ఊఁ కొడుతున్నాను.

ఇంకొక తప్పు కూడా చేశాను. "నాది అయిపోయిందా అమ్మా? మరి మీదో?" అని హన్నమ్మ అడిగింది. అన్నాళ్లలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. మాదీ అయిపోయింది హన్నమ్మా అనేశాను. ప్రభువుకి స్తోత్రం అని కళ్లు మూసుకుని, మకాం అంతా చెప్పేసింది. బుల్లిరాజు గారు ఇంటిదాకా వచ్చి, "అదృష్టవంతురాలివమ్మా" అని ముఖం ముడుచుకుని వెళ్లారు. ఈపాటికి వాళ్లల్లుడికి చేరిపోయే ఉంటుంది. అతను మిమ్మల్ని మిఠాయి అడుగుతాడు. దయచేసి కొని పెట్టండి. నవ్వుతూ పెట్టండి. మనది అమ్ముడవలేదని ఇక్కడ తెలిసిందంటే, హన్నమ్మ ఆ డబ్బు మూట కట్టుకుని మన గుమ్మంలోకి వచ్చేస్తుంది. ఆవిడ సంగతి మీకు తెలుసు.

కోపం వస్తే ఎన్ని పేజీలైనా రాయండి, అన్నీ చదువుతాను. ఫోనులో మాత్రం అరవకండి. రాత్రిళ్లు తడిబట్టలతో పడుకోవద్దు, దగ్గు మందు సీసా మూత గట్టిగా పెట్టుకోండి.

హన్నమ్మ తన ఫోను తీసుకెళ్లిపోయింది. రేపు పొద్దున్న మార్కెట్ తెరిచేసరికి వంటగట్టు మీద ఒక్క ఫోనే ఉంటుంది. రేపు మనదే ముందు నొక్కుతాను.

ఇట్లు,
మీ జవాబు కోసం భయపడుతూనే ఎదురుచూసే
అలేఖ్య వాళ్లమ్మ,
సరోజ