సగమే పడిన లాక్

మంగళవారం, రాత్రి.

ట్రైలర్ తగిలించాక దాని బ్రేకు పట్టి ఉంచి, లాక్ పూర్తిగా పడిందో లేదో బండిని ఒకసారి ముందుకు లాగి చూడటం నా అలవాటు. ఈ పొద్దున పాస్టర్ గారు బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆమెన్ అన్నాక లాగి చూస్తే దేవుణ్ణి నమ్మనట్టు ఉంటుందని అలాగే బయల్దేరాను.

బ్రేకు వేసినప్పుడల్లా వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదుపు. రోడ్డు బాగోలేదనుకున్నాను. మెట్టుగూడ ఎత్తు ఎక్కుతుంటే నా వెనకే స్కూలు ఆటో, నిండా పిల్లలు.

షెడ్డులో మెకానిక్ వంగి చూశాడు. "లాక్ సగమే పడ్డదన్నా. జెర గట్టిగ గుంజితే ట్రైలర్ ఊడిపోతుండె."

ఇంటికొచ్చి చెబితే, "ప్రార్థనే కాపాడిందండీ. రేపు కూడా పాస్టర్ గారిని రమ్మన్నాను" అంది నా భార్య సునీత.

రేపు ఆయన ముందు లాగి చూడగలనా...