నవంబరా, జనవరా

లేర్,
మార్చి 13, సాయంత్రం.

హజోకు గేసా రాస్తున్నది.

ఇక్కడ నేను కులాసా. కొత్త ఫ్లాట్‌లో నువ్వూ సుఖంగా ఉన్నావని, చొక్కాలు నువ్వే ఇస్త్రీ చేసుకుంటున్నావని ఆంత్యె వదిన చెప్పింది. మీ అక్క మాట కాబట్టి మొదటిది నమ్మాను, రెండోది నమ్మలేదు. వెనక గేటు మళ్ళీ ఊడింది, నేనే బిగించుకున్నాను.

ఆదివారం నువ్వు ఫోనులో అడిగినదానికి జవాబు చెప్పకుండా పెట్టేశాను. కోపంతో కాదు, భయంతో. నీ గొంతు వింటే నేను దేనికైనా సరేనంటాను. అందుకే రాస్తున్నాను.

పన్నుల ఆఫీసుకు పంపే కాగితంలో మనం విడిపోయింది జనవరిలో అని రాయమన్నావు. అలా రాస్తే కొత్త ఏడాదిలోనూ కొన్నాళ్ళు కాపురం ఉన్నట్టే, కాబట్టి ఈ ఏడాది కూడా భార్యాభర్తల లెక్కనే పన్ను, నీ జీతంలో కోత తక్కువ. జనవరిలో బాయిలర్ పాడైతే నేనొచ్చి అన్నాళ్ళు ఉండలేదా, అది కాపురం కాదా అన్నావు. హజో, నువ్వు వచ్చింది బాయిలర్ కోసం. పడుకున్నది సోఫా మీద. నువ్వు ఇల్లు వదిలింది నవంబరులో, మార్టిన్ పండుగ సాయంత్రం. పిల్లలు లాంతర్లు పట్టుకుని గుమ్మంలో పాడుతుంటే వాళ్ళ మధ్యలోంచి సూట్‌కేసుతో మెట్లు దిగావు. ఎదురింటి పిల్ల, మాష్టారూ, మా పాట బాలేదా అని అడిగింది. నువ్వు వినిపించుకోలేదు. దాని సంచిలో మిఠాయిలు పోసి తలుపేసుకున్నాను. వీధి వీధంతా చూసిన తేదీ అది. అయినా నీ కోసం జనవరి అని రాద్దామని రెండుసార్లు కలం పట్టుకున్నాను.

రెండోది ఉద్యోగం సంగతి. టీ దుకాణం వాళ్ళు సగంపూట పనికి రమ్మన్నారని ఫిబ్రవరిలో నీతో చెప్పాను. ఇప్పుడెందుకే తొందర, నువ్వు సంపాదిస్తే ఆ పన్ను లాభం తగ్గిపోతుంది, విడాకులయ్యేదాకా నీ వైద్యం నా ఉద్యోగం మీదే కదా, ఎండాకాలం పోయాక చూద్దాం అన్నావు. ఎంత మెత్తగా అన్నావో! ఇంకా నా బాగు చూస్తున్నావని మురిసిపోయాను. దుకాణం యజమాని ఉబ్బో గారికి రానని చెప్పడానికి బయల్దేరాను కూడా. దారిలో ఆంత్యె వదిన ఎదురైంది. సంగతి విని నా మోచెయ్యి పట్టుకుని, నీకేమన్నా మతిపోయిందా పిల్లా, మార్చి పద్నాలుగుకు నీకు యాభై ఐదు నిండుతాయి అంది.

ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. నువ్వు సర్కారు మాష్టారివి కాబట్టి ఇన్నేళ్ళూ నా వైద్యం ఖర్చులో పెద్ద వాటా ప్రభుత్వం భరించింది, మిగతాది ప్రైవేటు బీమా. విడాకులు ఖాయమైతే ఆ వాటా ఆగిపోతుంది. జనమంతా ఉండే మామూలు బీమాలోకి నేను వెళ్ళాలంటే ఉద్యోగంలో చేరాలి, అదీ యాభై ఐదు నిండకముందే. నిండాక ఉద్యోగం దొరికినా నాలాంటివాళ్ళను ఆ బీమాలోకి తీసుకోరు. ఇక బతికినన్నాళ్ళూ ప్రైవేటు బీమా మొత్తం నేనే మొయ్యాలి. నా తుంటికి ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు. నువ్వు చూద్దామన్న వేళకు నాకు చూసుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

అప్పటినుంచి సరిగ్గా నిద్ర లేదు. పొద్దున్నే నిన్ను తిట్టుకుంటూ లేస్తాను, టీ తాగేసరికి నిన్నే వెనకేసుకొస్తాను. లాటిన్ పాఠాలు చెప్పుకునే మనిషికి బీమా గొడవలేం తెలుస్తాయి, పాపం తెలియకే అన్నాడు అని వదినతో పోట్లాడాను. వదిన నా కళ్ళలోకి చూడకుండా కప్పులు తీసి కడగడానికి లేచింది. అదే నన్ను తినేస్తోంది.

రేపే నా పుట్టినరోజు. ఒక్కటే అడుగుతున్నాను. నీకు తెలుసా, తెలియదా? తెలియదని ఒక్క ముక్క రాయి చాలు, నమ్ముతాను. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, తేదీ దగ్గర ఖాళీగా ఉంది.

ఆరోగ్యం జాగ్రత్త. మఫ్లర్ చుట్టుకోకుండా సైకిలెక్కకు.

ఇప్పటికీ నీ మేలు కోరే
గేసా

తా.క. ఈ నాలుగు ముక్కలు పద్నాలుగో తేదీ మధ్యాహ్నం టీ దుకాణంలో కూర్చుని రాస్తున్నాను. అవును, ఈ నెల ఒకటో తేదీనే ఇక్కడ పనిలో చేరాను. నువ్వు మళ్ళీ మెత్తగా మాట్లాడి మాన్పిస్తావని నీకు చెప్పలేదు. బీమా కార్డు కూడా వచ్చింది.

పొద్దున ఫ్రౌకె టీ కొనడానికి వచ్చింది. అదే, మీ స్కూలు లెక్కల మాష్టారిని వదిలేసిందే, ఆ ఫ్రౌకె. నన్ను గల్లా దగ్గర చూసి, అమ్మయ్య, బతికిపోయావు, నన్ను హెచ్చరించినట్టే నిన్నూ హెచ్చరించాడన్నమాట మీ ఆయన అంది. అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట మన బల్ల దగ్గరే కూర్చోబెట్టి ఆమెకు చెప్పావు, యాభై ఐదు దాటనివ్వకు తల్లీ, పాచిపనైనా సరే పట్టుకో అని. మూడు కప్పులు తాగనిదే మన ఊళ్ళో ఎవరూ లేవరు, ఆమె మాత్రం మూడో కప్పుకు కూడా ఆగకుండా, ఇక చాలని కప్పులో చెంచా పెట్టి పని వెతుక్కోవడానికి వెళ్ళిపోయింది. మీ ఇద్దరికీ టీ పోస్తున్నది నేనే. నాకెందుకులే అని చెవిన పెట్టలేదు.

ఇందాక ఇంటికెళ్ళి కాగితంలో నవంబరు అని రాసి, తిరిగి వస్తూ పోస్టులో వేశాను. ఫ్రౌకెకు చెప్పిన ఆ మాట నాకూ చెప్పి ఉంటే, హజో, నువ్వడిగిన తేదీయే వేసేదాన్ని.