ఆ పన్ను పీకించుకోవద్దు

ఏమండీ, సాయంత్రం పళ్ల డాక్టరు నాజీ దగ్గరికి వెళ్లకండి. నేను వద్దని చెప్పేశాను. పొద్దున రొట్టెల కొట్టు దగ్గర కనబడి, "ముంజీ అన్న పన్ను పీకించుకోవడానికి వస్తానన్నాడు వదినా" అన్నాడు. గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చిన సంగతి మీరు చెప్పలేదట. వినగానే బిత్తరపోయాడు.

రేడియేషన్ తగిలిన దవడలో పన్ను పీకితే పుండు మానకపోవచ్చు, ఎముక చచ్చిపోవచ్చు. మీ తమ్ముడు లమీన్‌కి సగం దవడ తీసేసింది అందుకే కదా! నేను స్ఫాక్స్ పట్నం వెళ్లి, మీకు రేడియేషన్ ఇచ్చిన మన డాక్టరమ్మను అడిగి వస్తాను. తాగడానికి బార్లీ శోర్బా పలచగా, చారులా చేశాను. అందులో హరీసా కారం కలపకండి.

నొప్పని నాజీకి చెప్పారు, నాకు చెప్పలేదు.

సల్వా

వచ్చాక నామీద అరుస్తారు, తెలుసు. నోరారా అరవండి. అరవడానికైనా ఆ నోరు మిగలాలి.