బీడీల చాటకు ఆనుడు పీట

కోరుట్ల

అమ్మకు దండాలు. ఇక్కడ అందరం బాగున్నాం.

బీడీలు చేసేవాళ్లకు వెనక ఆనుడున్న పీటలు అమ్ముతూ ప్రేమలత అనే ఆమె మా వాడకు వచ్చింది. కొనకముందే వారం వాడి చూడమని ఇంటింటికీ ఒకటి ఇచ్చింది.

"గిట్ల పంచితే నీకేం మిగుల్తది?" అని అత్త అడిగింది.

"నడుము నొయ్యకుంటే నువ్వే పది మందికి చెప్తవ్, పెద్దమ్మా."

పైసా పైసా చూసుకునే మనలాంటి వాళ్లకు అమ్మి ఆమె ఎట్లా బతుకుతుందో చూడాలని ఉంది. మన ఊరు సారంగాపూర్‌లో బీడీలు చేసే మనవాళ్లకు అమ్మిపెట్టమని నన్నే అడిగింది.

"నోట్లె నాలుకే లేదు, నువ్వేం అమ్ముతవ్ పిల్లా?" అని అత్త నవ్వింది. అయినా ఒప్పుకున్నాను. మీ అల్లుడు సరే అన్నాడు.

మక్కజొన్నలు ఎండినయా? నాయన మందులు వేసుకుంటున్నాడా?

బస్సులో ఒక పీట పంపుతున్నాను. ఒళ్లో బీడీల చాట పెట్టుకుని నువ్వు కూర్చుని చూసి, ఉన్నదున్నట్టు నాయనతో రాయించు. నీ నడుముకు సుఖం లేకపోతే, వీటిని అమ్మడానికి నేను ఎవరి గడపా తొక్కను. నాయనకు నా దండాలు.

నీ బిడ్డ
సుస్మిత