కిటికీ లేని వైపు

వికారాబాద్,
12 ఫిబ్రవరి 2025.

ప్రియమైన సబాకు,

వినీత సలాములు. మీ అబ్బాకు, అంటే మా అజమత్ చాచాకు, నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ అమ్మ బాగుంది, దుకాణం బాగుంది. నేను మాత్రం ఆదివారం తాండూరు నుంచి వచ్చినప్పటి నుంచి అద్దంలో సరిగ్గా మొహం చూసుకోలేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. సోమవారం నువ్వు ఫోన్ చేసి, నేను చాచాకు చేసిచ్చిన రైలింజన్ నమూనాను అందరూ తెగ మెచ్చుకుంటున్నారని చెప్పావు. చక్రం ఒకటి వదులైనట్టుంది, పంపిస్తే బిగించి ఇస్తానన్నాను. చక్రానికేమీ కాలేదు. నీ గొంతు వింటే నాకు అబద్ధం ఎంత తేలిగ్గా వస్తుందో ఆ రోజే తెలిసింది. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇది చాచాకు చదివి వినిపించు.

ఆదివారం మీ ఇంట్లో చాచాతో రైళ్ళు నడిపిన వాళ్ళంతా కూర్చున్నారు. నేను పట్టుచీర కట్టుకుని, మూరెడు డీజిల్ ఇంజన్‌ను చేతుల్లో పెట్టుకుని ఉపన్యాసం కూడా ఇచ్చాను. అయిపోయిన రీఫిల్ మొనతో లోపలి నుంచి ఒత్తి రివెట్లు తేల్చానని, కాలిపోయిన మోటారు తీగతో మెట్ల పక్క చేతికమ్మీలు వంచానని, రేడియేటర్ జాలీ కోసం అమ్మ టీ జల్లెడ కత్తిరించి తిట్లు తిన్నానని గొప్పలు పోయాను. ఒక్క రివెట్టు కూడా వదల్లేదన్నాను. చాచా దగ్గర అసిస్టెంటుగా చేసిన మొగులప్ప గారు, "అసలు ఇంజన్ లెక్కనే ఉన్నది, హారన్ కొడ్తే కదుల్తది" అన్నారు. నేను మురిసిపోయాను.

అప్పుడు ఇంజన్‌ను చాచా ఒళ్ళో పెట్టాను. మంచి వైపు జనానికి కనబడేలా చూసుకునే పెట్టాను. చూపు పోయాక ఆయనకు చూడటమంటే వేళ్ళతోనే కదా. ఆ వేళ్ళు మెట్ల దగ్గర మొదలై, కమ్మీ పట్టుకుని, డ్యూటీ ఎక్కినట్టే పైకి ఎక్కాయి. "మస్తు చేసినవ్ బేటీ" అన్నారు. తర్వాత ఇంజన్ కప్పు దాటి అవతలి వైపుకు దిగాయి.

సబా, ఆ వైపు నువ్వు ఇంకా చూసి ఉండవు. అక్కడ మెట్టు లేదు, కమ్మీ లేదు, ఒక్క రివెట్టు లేదు. నున్నటి ప్లాస్టిక్ షీటుకు రంగు పూసి వదిలేశాను.

నా పని నీకు తెలుసు. స్కూలు పిల్లలకు సైన్స్ ఫెయిర్ నమూనాలు చేసి అమ్ముతాను. అగ్నిపర్వతమైనా ఆనకట్టైనా బల్ల మీద గోడకు ఆనించి పెడతారు కాబట్టి ముందు భాగమే చేస్తాం, వెనకంతా అట్టే. ఇంజన్ కూడా షోకేసులోనే ఉంటుంది కదా అనుకున్నాను. పైగా జనవరిలో స్కూళ్ళ ఆర్డర్లు మీద పడ్డాయి.

పని మొదలుపెట్టినప్పుడు చాచా నన్ను ఒక్కటే అడిగారు. "తాండూర్ల బండి ఆగితే నా మోచెయ్యి గా కిటికీ మీదనే ఉంటుండె. గక్కడ రంగు పోయి ఇనుము నున్నగయ్యింది. గది మర్వకు బేటీ" అన్నారు. మరిచిపోనని మాటిచ్చాను. నేను వదిలేసింది ఆయన సీటు ఉండే వైపే.

ఆయన వేలు ఆ షీటు మీద ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. కిటికీ ఉండాల్సిన చోట ఆగి తడుముకుంది. కాళ్ళ కింద మీ ఇంటి బండలు పగిలి నన్ను మింగితే బాగుండుననిపించింది. సరిగ్గా అప్పుడే మొగులప్ప గారు చేయి చాచి, "అవుతలి దిక్కు గూడ సూద్దాం, ఇటియ్యి అజమత్ భాయ్" అన్నారు. చాచా ఇంజన్‌ను పొట్టకు అదుముకుని, "గీ దిక్కు నాది. ఎవ్వలకు చూపియ్య" అన్నారు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. భోజనానికి లేచేటప్పుడు ఆయన గోడ ఎటుందో చేత్తో తడిమి, ఆ వైపునే గోడకు ఆనించి లేచారు.

ఆయన తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. తన కిటికీ పోగొట్టుకుని నా పరువు దాచారు. నేనేమో సిగ్గు లేకుండా ఖుబానీ మీఠా రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

ఇంజన్ పంపవద్దు. ఈ ఆదివారం నేనే పనిముట్లు తీసుకుని వస్తాను. చాచా పక్కన కూర్చుని ఆ వైపు చేస్తాను. కిటికీ ఎక్కడో ఆయన వేలు పెట్టి చూపిస్తే అక్కడే కోస్తాను. నా చేతి పని ఇక వద్దని ఆయన అంటే, ఆ మాటా దాచకుండా చెప్పు.

ఇట్లు,
తల దించుకుని,
నీ వినీత.

తా.క.: అలవాటు, ఆర్డర్లు అని పైన రాసినవి నిజాలే కానీ, కారణాలు కావు. నవంబరులో ఆ రెండో వైపు షీటు మీద కిటికీకి పెన్సిల్ గీత కూడా గీశాను. రంగు కింద అది ఇంకా ఉంది. ఆ సాయంత్రమే నువ్వు ఫోన్ చేసి, చాచాకు ఇక వెలుతురు కూడా తెలియడం లేదని ఏడ్చావు. నేనూ ఏడ్చాను, అది నటన కాదు. ఫోన్ పెట్టేశాక మాత్రం కత్తి డబ్బాలో పెట్టేశాను. ఆయనకు ఎలాగూ కనబడదు కదా, వచ్చి చూసేవాళ్ళకు ఒక వైపు చాలు అనుకున్నాను.

ఇది కూడా ఆయనకు చదువు సబా. నా మీద జాలిపడో, ఆయన మీద జాలిపడో పైనే ఆపేశావంటే, ఆయనకు తెలియదు కదా అని ఈసారి ఇద్దరం అనుకున్నట్టవుతుంది.